నడి సముద్రంలో తెరచాప కొయ్య విరిగితే

ముందు మనుషుల్ని లెక్కపెట్టుకుని, గాయాలు చూసుకోండి. కొయ్య సంగతి ఆ తర్వాతే.

పడవ పక్కన ధన్ ధన్‌మని చప్పుడు
విరిగిన కొయ్య, దాన్ని నిలబెట్టే ఉక్కు తాళ్లకు వేలాడుతూ అలలకి పడవ పొట్టని పొడుస్తోంది. పైకి లాగి కట్టగలిగితే మంచిదే. లేదంటే కన్నం పడకముందే తాళ్ల పిన్నులు ఊడదీయండి, రానివి కోసేయండి. బూమ్ (తెరచాప కింది అంచుని పట్టే అడ్డకొయ్య), స్పిన్నకర్ పోల్ (ముందువైపు పెద్ద తెరచాపని చాచి పట్టే గడ), దొరికినన్ని తాళ్లు మాత్రం దక్కించుకోండి. కొత్త కొయ్య వాటితోనే కట్టాలి.

ఇంజన్ స్టార్ట్ అయ్యి టక్కున ఆగిపోయింది
నీళ్లలో వేలాడే తాడు ప్రొపెల్లర్‌కి చుట్టుకుంది. అసలు తాళ్లన్నీ పైకి లాగాకే తాళం తిప్పాలి.

వీహెచ్‌ఎఫ్ రేడియోలో ఎవరూ పలకడం లేదు
యాంటెన్నా కొయ్యతోపాటే పోయింది. స్పేర్ యాంటెన్నా బిగించండి.

పడవ మునుపటికన్నా గబగబా ఊగుతోంది
పైన కొయ్య బరువు లేదు కదా, కుదుపు ఎక్కువే ఉంటుంది. డెక్ మీద పాకుతూ పని చేయండి, సిగ్గుపడక్కర్లేదు.

పోల్ సగం లేచి పక్కకి పడిపోతోంది
స్పిన్నకర్ పోల్‌ని కొత్త కొయ్యగా నిలబెట్టేటప్పుడు అందరికీ విసుగు పుట్టించేది ఇదే. వెనక్కి పడుకోబెట్టిన పోల్‌కి పక్క తాళ్లు దాని మొదలుకన్నా వెనక కట్టి ఉంటారు. అలా కడితే, నిలువుగా ఉన్నప్పుడు సరిపోయే తాడు సగం లేచినప్పుడు వదులుగా ఉంటుంది. ఆ వదులులోనే పోల్ ఒరిగిపోతుంది. పడుకున్నప్పుడే బిగిస్తే అసలు పైకి లేవనే లేవదు. మొదలుకి సరిగ్గా కుడిఎడమల, అదే ఎత్తులో కట్టండి. అప్పుడు పోల్ ఏ కోణంలో ఉన్నా తాడు పొడవు మారదు. అలాంటి చోటు లేకపోతే రెండు పోల్స్ కొసలు కలిపి కట్టి, కాళ్లు చెరో పక్క పెట్టండి. ఇక ముందువైపు ఒక తాడు, వెనకవైపు ఒక తాడు చాలు. కాళ్లు జారకుండా మాత్రం గట్టిగా కట్టాలి.

తెరచాప పొట్టి కొయ్యకి పొడవైపోయింది
పడవ ముందువైపు కట్టే తెరచాపని అడ్డంగా తిప్పండి. పొడవాటి అంచు కిందికి వస్తుంది.

గాలికి ఎదురు పోవడం లేదు
పోదు. దూరమైనా గాలివాటున ఉన్న రేవునే ఎంచుకోండి. నెమ్మదిగానైనా తాత్కాలిక కొయ్య పనికొస్తుంది: ఒంటరిగా పడవలో ప్రపంచాన్ని చుట్టే 2018 గోల్డెన్ గ్లోబ్ రేసులో కొయ్య పోగొట్టుకున్న ఐర్లండ్ నావికుడు గ్రెగర్ మెక్‌గకిన్, తాత్కాలిక కొయ్యతోనే, అదే రేసులో గాయపడ్డ భారత నావికుడు అభిలాష్ టామీ వైపు బయల్దేరాడు.

పొద్దున్న బిగించిన తాళ్లు సాయంత్రానికి వదులు
నైలాన్ అయితే సాగుతుంది. పాలియెస్టర్ తాళ్లకి మార్చి, కాపలా మారినప్పుడల్లా ఒకసారి చేత్తో గుంజి చూడండి.