తడిసిన అడవిలో సావిన్ నెగడు

ఇంగ్లండ్‌లో మా పేగన్ (ప్రకృతిని ఆరాధించేవారి) బృందం ఏటా అక్టోబరు 31న సావిన్ పండుగకు అడవిలో నెగడు వేస్తుంది. వేసవికి వీడ్కోలు చెప్పి, పోయినవారిని తలచుకునే రాత్రి అది. స్థల యజమాని అనుమతి ముందే తీసుకుంటాం. చిక్కల్లా కట్టెలతోనే. భోగికి ఎండు పిడకలు అలవాటైన నాకు ఈ తడి దేశపు పొగ కొత్త శిక్ష. కొందరు పెట్రోలు పోద్దామన్నారు. ప్రమాదం సంగతి అలా ఉంచి, ప్రకృతిని కొలిచే చోట ఆ కంపేమిటి?

నేల మీద పడి నీళ్లు పీల్చిన కొమ్మలను ముట్టుకోలేదు. నిలబడే ఎండిన సన్నని చెట్లలో యజమాని చూపినవే కొట్టాం. పుల్ల వంచితే ఫట్‌మని విరగాలి. వంగిందంటే పక్కన పడేయడమే. లావు దుంగలను నిలువునా చీల్చాం. పైన ఎంత తడిసినా లోపల పొడిగానే ఉంది. ఆ చీలికలను కత్తితో పల్చగా చెక్కుతూ, చెక్కులు ఊడిపోకుండా పుల్ల చివరనే కుచ్చులా నిలిపాం. ఓపిక పట్టే పని ఇదొక్కటే, ఫలితమంతా ఇందులోనే ఉంది.

రాజేయడానికి బిర్చ్ అనే చెట్టు బెరడు వాడాం. అందులోని నూనె వల్ల తడిగా ఉన్నా అంటుకుంటుంది. కూలిన చెట్ల నుంచే తీస్తాం, బతికున్న చెట్టును ఒలవం. అడుగున దుంగలు పరిచి, వాటిపై బెరడు, కుచ్చుపుల్లలు, తర్వాత వేలెడు లావువి గాలి ఆడేలా పేర్చాం. ఒక్క అగ్గిపుల్లతో అందుకుంది.

వెళ్లేముందు నీళ్లు పోసి, బూడిద కలిపి, వేడి పూర్తిగా పోయిందో లేదో చూసుకోవాలి.