కొరియా టైమ్‌లోంచి మూడున్నర గంటలు తీసేయండి

కొరియన్ పాప్ పోస్టర్ మీద టైమ్ పక్కన కేఎస్‌టీ అని ఉంటుంది చూడండి, అది కొరియా టైమ్. మనకంటే మూడున్నర గంటలు ముందు. అక్కడ సాయంత్రం 6 అంటే మనకు మధ్యాహ్నం 2:30. కొత్త పాటల వీడియోలు చాలావరకు వచ్చేది అప్పుడే. మధ్యాహ్నం 1 అని ఉంటే మనకు ఉదయం 9:30.

అసలు తికమకంతా టీజర్లతోనే. "15వ తేదీ 0:00" అని వేస్తారు. అంటే అక్కడ 15 మొదలయ్యే క్షణం. మనకు ఇంకా 14వ తేదీ రాత్రి 8:30, అన్నం తినే వేళ! నేనోసారి ఇది తెలీక 15 రాత్రి పన్నెండు దాకా కళ్లు కాయలు కాచేలా కూర్చున్నా. తీరా చూస్తే టీజర్ వచ్చి రోజు దాటింది, స్నేహితులంతా పదిసార్లు చూసేశారు కూడా.

యూట్యూబ్‌లో ప్రీమియర్ పేజీ ముందే పెడితే ఈ లెక్కలేవీ అక్కర్లేదు, అది మన టైమే చూపిస్తుంది. అలా పెట్టనప్పుడు ఫోన్ వరల్డ్ క్లాక్‌లో సియోల్ చేర్చుకోండి.