కల్పిత దేశాన్ని కట్టుకుందాం – 3వ పాఠం: రెండు దేశాలు ఒకటైతే

పోయిన పాఠంలో మ్యాప్ గీశాం. కొండల్లో పెద్ద దేశం మేరుగిరి, సముద్రంలో చిన్న దేశం అలదీవి. మీ నవలలో ఈ రెండూ ఇప్పుడు ఒకే దేశం కాబోతున్నాయి. కొత్తగా రాసేవాళ్లు చాలామంది జెండా రంగుల దగ్గర మొదలుపెడతారు. జెండా తర్వాత చూద్దాం. ముందు ఒక్క ప్రశ్నకు జవాబు రాసుకోండి: కలిశాక అలదీవిలో భూమి పట్టా మీద సంతకం పెట్టేది ఎవరు?

నిజంగా కలిసిన దేశాలను చూస్తే ఈ ప్రశ్న ఎంత పెద్దదో తెలుస్తుంది. 1964 ఏప్రిల్ 26న ఆఫ్రికాలో టాంగన్యీకా, దాని పక్క సముద్రంలోని దీవుల దేశం జాంజిబార్ కలిశాయి. టాంగన్యీకా అధ్యక్షుడు జూలియస్ నైరేరే రెండు చోట్ల మట్టినీ ఒకే పాత్రలో కలుపుతున్న ఫొటో చాలామంది చూసే ఉంటారు. అదే ఏడాది అక్టోబరులో రెండు పేర్లూ కలిపి టాంజానియా అన్నారు. కథ రాసేవాళ్లకు ఆ ఫొటో కంటే ఒప్పందంలోని జాబితా ఎక్కువ పనికొస్తుంది. రక్షణ, విదేశీ వ్యవహారాలు, పౌరసత్వం లాంటివి ఉమ్మడి. భూమి సహా మిగతావి జాంజిబార్ చేతిలోనే ఉండిపోయాయి. దానికి సొంత అధ్యక్షుడు, సొంత శాసనసభ ఉన్నాయి. టాంగన్యీకాకు మాత్రం విడిగా ప్రభుత్వం లేదు, ఉమ్మడి ప్రభుత్వమే నడుపుతుంది. అందుకే జాంజిబార్‌లో కొందరికి ఉమ్మడి ప్రభుత్వమంటే పేరు మార్చుకున్న టాంగన్యీకాలాగే కనిపిస్తుంది. అవతలి ఒడ్డున, టాంగన్యీకాలో కొందరు, మాకే ఎందుకు సొంత ప్రభుత్వం లేదని అడుగుతారు. రెండు బాధలూ నిజమైనవే. పైగా ఉమ్మడి విషయాలు మొదట 11, తర్వాత 22 అయ్యాయి. అలా చేరిన ఒక్కో అంశం వెనకా ఒక అధ్యాయానికి సరిపడా గొడవ ఉంటుంది.

ఈజిప్టు, సిరియా కథ వేరు. 1958 ఫిబ్రవరిలో ఐక్య అరబ్ గణతంత్రంగా కలిశాయి. జెండా మీద ఇద్దరికీ చెరో నక్షత్రం, చూడటానికి సరిసమానం. రాజధాని మాత్రం కైరో. సిరియాలో పార్టీలు రద్దయ్యాయి. సిరియా అనే పేరు కూడా పోయి 'ఉత్తర ప్రాంతం' అయింది. 1961 సెప్టెంబరులో సిరియా విడిపోయింది. ఒక మనిషి సొంత దేశం పేరు రాయాల్సిన చోట ఒక దిక్కు పేరు రాయడం ఎలా ఉంటుందో కాసేపు ఊహించండి. నాకైతే ఆ కథ మొత్తంలో అన్నిటికంటే బాధ పెట్టేది అదే.

మనకూ ఇది కొత్త కాదు. దేశాలు కాకపోయినా, 1956లో ఆంధ్ర, తెలంగాణ కలిసే ముందు పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నారు. ముఖ్యమంత్రి ఒక ప్రాంతంవారైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతంవారు కావాలన్నారు. మొదటి మంత్రివర్గంలోనే ఉపముఖ్యమంత్రి లేరు. ఒప్పందం రాయడం మీ పనిలో సగం. దాన్ని మొదట ఎవరు, ఎప్పుడు, ఏ చిన్న విషయంలో పక్కన పెట్టారో రాయడం మిగతా సగం.

ఇక మీ పని. ఒప్పందాన్ని అలదీవి వైపు నుంచి రాయండి. పెద్ద దేశం ఏం ఇస్తుందన్నది కాదు, చిన్న దేశం ఏం వదలనంటుందన్నది ముఖ్యం. భూమి, బడి భాష, ఉద్యోగాలు, చేపల రేవు మీద పన్ను: వీటిలో ఏవి ఉమ్మడో, ఏవి కావో తేల్చండి. ఒక్కటి మాత్రం కావాలనే తేల్చకుండా వదిలేయండి. ఆ ఖాళీలోంచే మీ నవల నడుస్తుంది.

తర్వాత ఒక పేజీ సన్నివేశం. అలదీవి ఆఫీసులో ఒక జాలరి పడవ లైసెన్సు కోసం క్యూలో ఉన్నాడు. కౌంటర్‌లో మేరుగిరి నుంచి బదిలీ మీద వచ్చిన గుమస్తా. అతన్ని చెడ్డవాడిగా రాయకండి, అతనికీ ఇంటి బెంగ ఉంటుంది, భాష రాని టెన్షన్ ఉంటుంది. ఇదే సన్నివేశాన్ని రెండుసార్లు రాయండి, ఒకటి కలిసిన మర్నాడు, రెండోది ఇరవై ఏళ్ల తర్వాత. జాలరి ఫారంలో 'దేశం' అన్న గడి దగ్గరకు వచ్చాక రెండుసార్లూ ఏం రాశాడో చూడండి. వచ్చే పాఠం కరెన్సీ మీద. ఈ రెండు పేజీలూ దగ్గర పెట్టుకోండి, వాటితోనే మొదలుపెడదాం.