బోస్టన్‌కు ఐరిష్ వలస: తరగతిలో పాఠం చెప్పే పద్ధతి

గుంటూరు, విజయవాడ కళాశాలల్లో ఈ పాఠం చెప్పేవారు అమెరికాలోని బోస్టన్ రేవు సంగతి తర్వాతకు ఉంచి, ముందు పొలం నుంచి మొదలుపెట్టాలి. 1845లో ఐర్లండ్ బంగాళాదుంపలకు సోకిన తెగులు పేదల ప్రధానాహారాన్ని నాశనం చేసిందని చెప్పి ఊరుకోకుండా, ఆ కరువు రోజుల్లోనే ధాన్యం, పశువులు ఇంగ్లండ్‌కు ఎగుమతి అవుతూ వచ్చాయనీ, పావు ఎకరానికి మించి భూమి ఉన్నవారికి సహాయం నిరాకరించిన 1847 నాటి నిబంధన మూలంగా ఎందరో కౌలుదారులు ఆ భూమిని వదులుకోవలసి వచ్చిందనీ వివరించాలి. పాలకుల బాధ్యతను ఇక్కడ దాటవేయడం తగదని నా అభిప్రాయం. 1832-33 నాటి మన నందన కరువును ప్రస్తావిస్తే విద్యార్థులకు విషయం త్వరగా అందుతుంది గానీ, దానికి మూలం వానలు లేకపోవడం కనుక రెండింటినీ ఒకే గాటన కట్టరాదు.

ఆ తర్వాతే బోస్టన్‌కు రావాలి. 1847 ఒక్క ఏడాదిలోనే సుమారు 37,000 మంది ఐరిష్ ప్రజలు అక్కడ దిగారు. జ్వరపీడితులను ఆ రేవులోని డీర్ ఐలండ్ అనే దీవిలో ఉంచి చికిత్స చేశారు. మగవారికి రేవుల్లో కూలిపని, ఆడవారికి ఇంటిపని దొరికాయి. ఐర్లండ్‌లో పుట్టిన హ్యూ ఓబ్రయన్ 1884లో బోస్టన్ మేయరుగా ఎన్నికైన సంగతితో పాఠం ముగించి, తరిమిన కారణాలనూ రప్పించిన కారణాలనూ విద్యార్థులచేత వేర్వేరుగా రాయించాలి.