పొద్దున ధ్యానం, సాయంత్రం అరుపులు: ఎక్కడ తేడా కొడుతోంది?

సమస్య: కూర్చున్న అయిదు నిమిషాలకే నిద్ర ముంచుకొస్తోంది.
కారణం: నైట్ షిఫ్ట్ చేసి వచ్చి కూర్చుంటే అది ఒట్టి అలసట, ముందు పడుకోండి. నిద్ర సరిపోయినా కళ్లు మూతలు పడుతుంటే అది థీనమిద్ధం, అంటే మనసుకు పట్టే మందకొడితనం, మగత. ధ్యానానికి అడ్డుపడేవని బౌద్ధం చెప్పే అయిదు నీవరణాల్లో ఒకటి.
పరిష్కారం: మొగ్గల్లానుడంతటి శిష్యుడే కునికిపాట్లు పడితే బుద్ధుడు ఏం చెయ్యమన్నాడో పాళీ సుత్తంలో, అంటే పాళీ భాషలోని ఆయన బోధలో, ఉంది. చెవులు లాగు, ఒళ్లు రుద్దుకో, కళ్లు కడుక్కో, నక్షత్రాలు చూడు, నడు. నాకు మేడ మీద పది నిమిషాల నడక పనిచేసింది.

సమస్య: ధ్యానంలో ప్రశాంతం, లేవగానే ఇంట్లోవాళ్ల మీద చిరాకు.
ఈ తప్పు నేనే చేశాను. ఓ ఉదయం కళ్లు మూసుకుని ఉండగా అమ్మ తలుపు కొట్టి, "గ్యాస్ బండ వచ్చిందిరా, డబ్బులియ్యి" అంది. "కాసేపు ప్రశాంతంగా కూర్చోనివ్వవా" అని కసిరాను. ఆవిడ ఏమీ అనలేదు. కొంగు ముడి విప్పి, నలిగిన నోట్లు లెక్కపెట్టుకుంటూ వెళ్లింది.
కారణం: ప్రశాంతతను సొంత ఆస్తిలా కాపలా కాయడం. పైగా శీలాన్ని, అంటే మంచి నడవడిని, పక్కనపెట్టి సమాధి కోసం, అంటే మనసు ఏకాగ్రత కోసం, పాకులాడటం. నాగార్జునసాగర్ రోడ్డులోని ధమ్మఖేత్త ధ్యాన కేంద్రంలో పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరం కూడా శీలంతోనే మొదలవుతుంది. పరుషమైన మాట మానడం సమ్యక్ వాక్కులో, అంటే సరైన మాటతీరులో, భాగం.
పరిష్కారం: కోపాన్ని అణచకండి. ఎరుక గురించి బుద్ధుడు చేసిన బోధ సతిపట్ఠానం చెప్పేది, ద్వేషం ఉన్న మనసును ద్వేషం ఉన్న మనసుగా తెలుసుకోమని. దవడ బిగుసుకోవడం, చెవులు వేడెక్కడం ముందే తెలుస్తాయి. ట్రాఫిక్‌లో సాధన చేయండి. బుద్ధుడు చెప్పిన రెండు బాణాల్లో వెనకాల హారన్ మొదటిది, మనసులో తిట్టే తిట్టు రెండోది. ఆ రెండోది మనకు మనమే గుచ్చుకుంటాం. ట్యాంక్‌బండ్ మీద వెళ్తూ హుస్సేన్‌సాగర్ మధ్య బుద్ధ విగ్రహం కనబడగానే నేను మూడు శ్వాసలు గమనిస్తాను. అయినా నోరు జారితే, ఆ రోజే వెళ్లి క్షమించమని అడగాలి. అమ్మను అడగడానికి నాకు రాత్రి దాకా పట్టింది.

సమస్య: మైత్రీ భావన (అందరి మేలూ కోరే ధ్యానం) చేస్తుంటే గిట్టనివాడు గుర్తొచ్చి ఒళ్లు మండుతోంది.
కారణం: అతనితోనే మొదలుపెట్టడం.
పరిష్కారం: బౌద్ధ వ్యాఖ్యాత బుద్ధఘోషుడు ఒక వరస చెప్పాడు. ముందు మీరు, తర్వాత మీరు గౌరవించేవారు, ఆపైన ఆప్తులు, ఆ తర్వాత ఇష్టం, అయిష్టం రెండూ లేని మనిషి. గిట్టనివాడి వంతు చివర్లోనే. నా వరసలో ఆ నాలుగో మనిషి మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్. తలుచుకోబోతే, ఇన్నేళ్లలో ఆయన పేరే అడగలేదని తెలిసింది. మర్నాడు గేటు దగ్గర ఆగి అడిగాను.