నాస్ నుంచి క్లౌడ్‌కి – 4వ పాఠం: సింక్ అయింది, బ్యాకప్ కాలేదు

ఈసారి బ్యాకప్ షెడ్యూళ్ల గురించి చెప్పాలనుకున్నాను. పోయిన పాఠంలో చెప్పిన సింక్ పెట్టుకుంటే బ్యాకప్ ఉన్నట్టే అనుకుని చాలామంది మెయిళ్లు రాశారు. అవి చూశాక ముందు ఆ గొడవ తేల్చక తప్పలేదు.

గుంటూరు మిర్చి యార్డు దగ్గర కమీషన్ కొట్టు నడిపే ఒకాయన, నేను చెప్పినట్టే సైనాలజీ నాస్‌లో (ఆఫీసు ఫైళ్లన్నీ ఒకచోట ఉంచే నెట్‌వర్క్ డిస్కుల డబ్బా) క్లౌడ్ సింక్ పెట్టుకున్నారు. డబ్బాలో ఉన్నదే క్లౌడ్‌లోనూ ఉండేలా చూసే యాప్ అది. అంతా అప్‌టుడేట్ అని చూపించింది. నాలుగో రోజు గుమాస్తా చోటు చాలడం లేదని ‘పాత బిల్లులు’ ఫోల్డర్ తీసేశాడు. క్లౌడ్‌లో ఉందన్న ధైర్యం మరి. సాయంత్రం చూస్తే అక్కడా లేదు. ఇందులో సగం తప్పు నాదే. సింక్ ఏ దిశలో పెట్టాలో ఒక్క వాక్యంలో తేల్చేశాను.

మీకూ ఇలా జరిగితే ముందు సింక్ టాస్క్ ఆపేయండి. తర్వాత ఆ షేర్డ్ ఫోల్డర్‌లోనే #రీసైకిల్ వెతకండి. రీసైకిల్ బిన్ ముందే ఆన్ చేసి ఉంటే, ఆఫీసు కంప్యూటర్ల నుంచి తీసేసినవి అక్కడ ఉంటాయి. ఆయనకి అలాగే దొరికాయి.

ఇక అసలు సంగతి. సింక్ చెప్పిన మాట తు.చ. తప్పని పనివాడు. మీరు తీసేస్తే తనూ తీసేస్తాడు. ‘అప్‌లోడ్ మాత్రమే పెట్టాను, ఇక్కడ తీసేసినా అక్కడ తీయొద్దన్న టిక్కూ పెట్టాను, ఇంక టెన్షన్ లేదుగా’ అని ముగ్గురు అడిగారు. ఉంది. పోవడమంటే డిలీట్ అవడం ఒక్కటే కాదు. ఎవరో స్టాకు ఎక్సెల్‌లో అడ్డదిడ్డంగా సార్ట్ చేసి సేవ్ కొడతారు. ఫైలు మారింది కదా, సింక్ బుద్ధిగా కొత్తది పంపేస్తుంది, మంచిదాని మీదే. 2017 మేలో వన్నాక్రై వచ్చినప్పటిలా ర్యాన్సమ్‌వేర్ (డబ్బు కట్టేదాకా ఫైళ్లు తెరవనివ్వని వైరస్) ఫైళ్లన్నింటికీ తాళం వేసిందనుకోండి, ఆ తాళం వేసినవన్నీ పైకి ఎక్కుతాయి. బకెట్‌లో (క్లౌడ్‌లో మన ఫైళ్లు ఉండే డబ్బా) వెర్షనింగ్, అంటే ఫైలు మారినా పాత రూపం దాచే సౌకర్యం, ఆన్ చేస్తే పాతవి మిగులుతాయి, నిజమే. కానీ ఎనభై వేల ఫైళ్లలో ఒక్కోదాని పాత రూపం ఏరుకోవడం ఎవరి తరం? రెయిడ్ (ఒక డిస్కు పోయినా డేటా మిగిలేలా డిస్కులు కలిపి వాడడం) ఉంది కదా అనేవాళ్లకీ ఇదే జవాబు. డిస్కు చచ్చిపోతే రెయిడ్ కాపాడుతుంది, మన చేతి నుంచి కాపాడదు.

‘గురువారం సాయంత్రం ఎలా ఉందో అలా ఇవ్వు’ అంటే ఇవ్వగలిగిందే బ్యాకప్. దానికి సైనాలజీ వాళ్ల బ్యాకప్ యాప్ హైపర్ బ్యాకప్ వాడండి. నాస్‌ని క్లౌడ్‌లోకి రానిచ్చే యాక్సెస్ కీ తయారీ మళ్లీ చెప్పను. బకెట్ మాత్రం కొత్తది తీసుకోండి, సింక్ బకెట్‌తో కలపొద్దు.

రీజియన్‌కి, అంటే డేటా ఏ ఊరి సర్వర్లలో ఉండాలన్నదానికి, అమెజాన్ క్లౌడ్‌లో ముంబై ఉంది, 2022 నవంబరు నుంచి హైదరాబాద్ కూడా ఉంది. ఆఫీసు హైదరాబాద్‌లో ఉంటే నేను ముంబై పెడతాను, రెండు కాపీలూ ఒకే ఊళ్లో ఎందుకని. సింగపూర్ జోలికి మాత్రం పోవద్దు. మీది రిజిస్టరైన కంపెనీ అయితే, 2022 ఆగస్టు సవరణ ప్రకారం ఎలక్ట్రానిక్ పద్దుల బ్యాకప్ ఇండియాలో ఉన్న సర్వర్లలో రోజూ పడాలి.

రొటేషన్‌కి, అంటే పాత కాపీల్లో ఏవి ఉంచాలో ఏవి తీసేయాలో చూసుకోవడానికి, హైపర్ బ్యాకప్‌లోని స్మార్ట్ రీసైకిల్ చాలు. టైము రాత్రి పదకొండు. ట్యాలీ తెరిచి ఉండగా తీసిన కాపీని నేను నమ్మను.

ఒక్క టిక్కు దగ్గర మాత్రం ఆగండి: క్లయింట్ సైడ్ ఎన్‌క్రిప్షన్, అంటే డేటా క్లౌడ్‌కి వెళ్లకముందే మన దగ్గరే తాళం వేయడం. టాస్క్ తయారుచేసేటప్పుడే పెట్టాలి, తర్వాత కుదరదు. ఒక ఆఫీసులో నేనే మర్చిపోయాను. డేటా 2 టీబీ, అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్. 16 లక్షల కోట్ల బిట్లను 2 కోట్లతో భాగించండి: 8 లక్షల సెకన్లు, అంటే తొమ్మిది రోజుల పైనే. నాకు గుర్తొచ్చింది ఎనిమిదో రోజు. టాస్క్ చెరిపేసి మొదటి నుంచి మొదలుపెట్టాను. అందుకే ఇప్పుడు ముందు ట్యాలీ, బిల్లుల ఫోల్డర్లకే టాస్క్ పెడతాను. ఫొటోలు, సీసీ కెమెరా వీడియోలు తర్వాతి వారం.

ఆ టిక్కు పెట్టగానే ఒక కీ ఫైలు డౌన్‌లోడ్ అవుతుంది. దాన్ని తెచ్చి అదే నాస్‌లో దాచేవాళ్లు ఎక్కువ. బీరువా తాళం బీరువాలో వేసి తలుపు మూసినట్టే. పెన్‌డ్రైవ్‌లో వేసి ఇంట్లో పెట్టండి. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి ఇంకో చోట ఉంచండి. రెండూ పోతే సైనాలజీ వాళ్లు కూడా తెరవలేరు.

అభ్యాసం ఒక్కటే, కానీ తేలిక కాదు. వారం రోజులు బ్యాకప్ నడవనివ్వండి. తర్వాత బ్యాకప్ ఎక్స్‌ప్లోరర్‌లో మూడు రోజుల కిందటి తేదీకి వెళ్లి, ట్యాలీ కంపెనీ ఫోల్డర్‌ని వేరే కంప్యూటర్‌లోకి దించండి. అసలు ఫోల్డర్ మీద రీస్టోర్ కొట్టకండి. ట్యాలీలో తెరిచి, ఆ రోజు డేబుక్‌లో చివరి ఎంట్రీని రసీదు పుస్తకంతో సరిచూడండి. పాస్‌వర్డ్ ఆ కాగితం చూసే కొట్టండి. ఎంతసేపు పట్టిందో రాసుకోండి. తర్వాత ఇదే పని మీ గుమాస్తాకి అప్పజెప్పి, మీరు ఫోన్ స్విచాఫ్ చేసుకుని టీ తాగి రండి.