గ్లూటెన్ లేని పస్కా విందు: ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేసుకోవాలి

మా అల్లుడిది న్యూజెర్సీలో ఉండే యూదు కుటుంబం. అతనికి సీలియాక్ ఉంది. గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ ఏ కాస్త కడుపులోకి వెళ్ళినా చిన్నపేగు లోపలి పొర దెబ్బతింటుంది. బైబిల్ తెలుగులో పస్కా, వాళ్ళ మాటలో పెసాహ్. ఆ పండుగ మొదటి రాత్రి భోజనాన్ని సేడర్ అంటారు. నాలుగేళ్ళుగా ఆ వంట వియ్యపురాలూ నేనూ కలిసి ఆవిడ వంటింట్లోనే చేస్తున్నాం. నేను వదినగారూ అంటాను, ఆవిడ కూడా నన్ను అలాగే పిలవడం నేర్చుకున్నారు. మేం చేసిన పొరపాట్లూ వాటి విరుగుళ్ళూ ఇవి.

పస్కా ముద్ర ఉన్న ప్యాకెట్టే కొన్నాం, అయినా అల్లుడికి కడుపునొప్పి

పస్కాకు పనికిరానిది గోధుమ, బార్లీ, రై, స్పెల్ట్ (గోధుమలో ఒక రకం), ఓట్స్ అనే ఐదు ధాన్యాలతో పులిసిన పదార్థం. దాన్ని హమేత్స్ అంటారు. ఆ ధాన్యాలు అసలే నిషిద్ధం అనుకుని నేను బోల్తా పడ్డాను. పండుగకు తినే మాట్సా, అంటే పులియని రొట్టె, గోధుమపిండితోనే చేస్తారు. పిండి మీద నీళ్ళు పడిన 18 నిమిషాల లోపు కాల్చేస్తే అది పులిసినట్టు కాదు. ఆ రొట్టెను పొడి చేసి చేప ఉండల్లో, కేకుల్లో, కట్లెట్లలో కలుపుతారు. అంటే పస్కా ముద్ర ఉన్న సరుకులో నిక్షేపంగా గోధుమ ఉండొచ్చు.

ఇది తిరగేసి కూడా నిజమే. గ్లూటెన్ ఫ్రీ అని రాసిన ప్యాకెట్లలో బియ్యప్పిండి, మొక్కజొన్న పిండి ఉంటాయి, అవి చాలా ఇళ్ళలో పస్కాకు చెల్లవు. కాబట్టి రెండు ముద్రలూ ఉండాలి. కొనేటప్పుడు ఒక దగ్గరి దారి ఉంది. ఆచారాలు గట్టిగా పాటించే హసీదీ అనే యూదు శాఖలో కొన్ని కుటుంబాలు మాట్సాను తడవనివ్వవు. వాళ్ళ కోసం తయారైన వాటి మీద నాన్-గెబ్రోక్ట్స్ అని ఉంటుంది. వాటిలో మాట్సా పొడికి బదులు ఎక్కువగా బంగాళదుంప స్టార్చే వాడతారు. ముందు ఆ అర వెతకండి, గ్లూటెన్ ఫ్రీ ముద్ర మాత్రం ఎలాగూ చూడాలి.

మన పద్ధతిలో బంగాళదుంప వేపుడు చేస్తానంటే వదినగారు గరిట పట్టుకుని ఆపారు

ఆ రోజు పోపుల డబ్బా తెరిచి ఒక్కోటీ చూపించాను. మినప్పప్పు, శనగపప్పు కిట్నియోత్. అంటే పప్పులు, బియ్యం, మొక్కజొన్న, నువ్వుల కోవలోనివి. తూర్పు ఐరోపా మూలాలున్న అష్కెనాజీ యూదులు పస్కాకు వీటిని ముట్టుకోరు. ఆవాలూ అదే జాబితాలో ఉన్నాయి! జీలకర్ర సంగతి ఇంటికో పద్ధతి. ఇక మిగిలింది ఇంగువ, అదైనా వేస్తాననుకున్నాను. డబ్బా తిప్పి చూస్తే మనం వాడే చాలా ఇంగువ పొడుల్లాగే అందులోనూ గోధుమపిండి ఉంది. పండుగకూ పనికిరాదు, అల్లుడికీ పనికిరాదు. నా పోపు మొత్తం గల్లంతు.

చివరికి అల్లం, పచ్చిమిర్చి, ఉల్లిపాయతో చేశాను. కరివేపాకు వేయొచ్చన్నారు గానీ ఒక్కో ఆకూ వెలుతురులో పట్టుకుని పురుగు లేదని చూశాకే. ఆకుకూరలన్నిటికీ కోషర్, అంటే యూదుల ఆహార నియమాల, పద్ధతి ఇదే.

అయితే అందరు యూదులకూ అన్నం నిషిద్ధం కాదు. స్పెయిన్, పోర్చుగల్ మూలాలున్న సెఫార్దీ కుటుంబాలు చాలావరకు తింటాయి, మన కొచ్చిన్ యూదులూ తింటారు. అమెరికాలోని కన్సర్వేటివ్ శాఖ 2015లో తమవాళ్ళకు కిట్నియోత్ తినొచ్చని తీర్పిచ్చింది. మెనూ రాసే ముందు ఆ ఇంటి ఆచారం ఏమిటో ఫోన్ చేసి అడిగేయండి, సగం టెన్షన్ అక్కడే తీరిపోతుంది.

గ్లూటెన్ లేని మాట్సా తెచ్చాం, తాతగారు ఇది చెల్లదన్నారు

సగ్గుదుంప, బంగాళదుంప స్టార్చ్‌తో చేసిన పలకలు చూడ్డానికి మాట్సాలాగే ఉంటాయి. కానీ సేడర్‌లో విధిగా తినాల్సిన మాట్సా ఆ ఐదు ధాన్యాల్లో ఒకదానితోనే చెయ్యాలి. ఆ ఐదింటిలో గ్లూటెన్ బెడద లేకుండా చేసుకోగలిగేది ఓట్స్ ఒక్కటే. గోధుమ కలవని ఓట్స్‌తో చేసి, రెండు ముద్రలూ వేసిన ఓట్ మాట్సా దొరుకుతుంది. ఖరీదెక్కువ. విధికి అది, మిగతా వారమంతా నంజుకోడానికి ఆ పలకలు అని మేం సర్దుకున్నాం. సీలియాక్ ఉన్నవాళ్ళలో కొందరికి ఓట్స్ కూడా పడవు. అలాంటప్పుడు డాక్టర్‌నీ యూదు మతగురువైన రబ్బీనీ ముందే అడగాలి.

సూప్‌లో ఉండలు విడిపోయి గంజి అయిపోయింది

నన్ను ఎక్కువ ఏడిపించింది ఇదే. కోడి సూప్‌లో తేలే మాట్సా ఉండలు లేకపోతే ఆ ఇంట్లో పండుగే కాదు. మాట్సా పొడి తడి పీల్చుకుని ఉబ్బుతుంది, అందులో ఉండ గట్టిగా నిలుస్తుంది. దాని బదులు వాడే బాదం పిండికి ఆ గుణం లేదు. అక్కడ పట్టి ఉంచేది గుడ్డు ఒక్కటే. మొదటి ఏడాది నేను పిండి కలిపిన వెంటనే కుతకుత ఉడికే సూప్‌లో ఉండలు వదిలాను. పది నిమిషాలకు మూత తీస్తే అడుగున బాదం ముద్ద, పైన గుడ్డు పీచులు. వదినగారు ఏమీ అనలేదు, మౌనంగా జల్లెడ అందించారు.

ఇప్పుడు చేసే కొలత: నాలుగు గుడ్లు, పొట్టు తీసిన మెత్తటి బాదం పిండి రెండు కప్పులు, బంగాళదుంప స్టార్చ్ మూడు టేబుల్ స్పూన్లు, ఒక చెంచా నూనె, ఉప్పు, మిరియాల పొడి. కలిపాక మూడు గంటలు ఫ్రిజ్‌లో పెట్టాలి, దీన్ని మాత్రం ఎగ్గొట్టకండి. తర్వాత చేతులు తడుపుకుని పెద్ద ఉసిరికాయంత ఉండలు చేసి, విడిగా ఉప్పు నీళ్ళలో వదలాలి. నీళ్ళు తెర్లకూడదు, అంచున చిన్న బుడగలు వస్తూ ఉంటే చాలు. మూత పెట్టి ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు. వడ్డించేటప్పుడే సూప్‌లో వేయాలి. అసలు వాటంత తేలిగ్గా ఉబ్బవు, అది ఒప్పుకోవాల్సిందే. నూనె బదులు నెయ్యి వేద్దామని చెయ్యి లాగుతుంది గానీ కుదరదు. మాంసంతో చేసిన భోజనంలో పాలు, వెన్న, నెయ్యి ఏవీ కలవకూడదు.

గ్రేవీ జిగురులా సాగుతోంది

పొటాటో స్టార్చ్ అనుకుని పొటాటో ఫ్లోర్ కొని ఉంటారు. స్టార్చ్ అంటే దుంప నుంచి తీసిన తెల్లటి పిండి పదార్థం మాత్రమే. ఫ్లోర్ అంటే ఉడికిన దుంపను ఎండబెట్టి ఆడించింది. అది ఒక్క చెంచా ఎక్కువైతే బంకే. సరైనదే వేసినా గ్రేవీ పలచబడిపోయిందంటే ఎక్కువసేపు మరిగించారన్నమాట. చన్నీళ్ళలో కలిపి, దించే ముందు పోసి, చిక్కబడగానే స్టవ్ ఆపేయండి.

కుగెల్ నల్లబడి, అడుగున నీళ్ళూరుతోంది

కుగెల్ అంటే తురిమిన బంగాళదుంపతో ఓవెన్‌లో చేసే దిబ్బరొట్టె లాంటిది. తురుము గాలి తగిలితే నల్లబడుతుంది, ఉప్పు తగిలితే నీరు వదులుతుంది. ఉల్లిపాయ ముక్కా దుంప ముక్కా మార్చి మార్చి తురిమితే రంగు చాలావరకు నిలుస్తుంది. తురుమును పాత కాటన్ బట్టలో గట్టిగా పిండి, ఆ నీటిని గిన్నెలో పది నిమిషాలు కదపకుండా ఉంచండి. పైనీరు వంచేస్తే అడుగున తెల్లటి స్టార్చ్ పేరుకుని ఉంటుంది. దాన్ని మళ్ళీ తురుములో కలిపేస్తే వేరే పిండి అక్కర్లేదు. ట్రేలో నూనె బాగా కాగాక వేసి, 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంట పైనే కాల్చాలి.

భోజనమయ్యాక కడుపు బరువు, మర్నాడు మలబద్ధకం

గ్లూటెన్ లేదు కదా అని ఆరోగ్యం అనుకుంటే పొరపాటే. స్టార్చ్, గుడ్లు, నూనె, బాదం... పీచు ఎక్కడుంది? ఇజ్రాయెల్ బయట పండుగ ఎనిమిది రోజులు. అన్ని రోజులూ ఇదే తింటే ఎవరికైనా అంతే. మేమిప్పుడు స్టార్చ్ వంటకం ఒక్కటే ఉంచి, పళ్ళెంలో సగం కాల్చిన బీట్‌రూట్, క్యారెట్, ఆస్పరాగస్‌కు ఇస్తున్నాం. నిమ్మకాయతో చేసిన చేపకు ఏ పిండీ అక్కర్లేదు. అన్నం లోటు కీన్వా అనే గింజ తీరుస్తుంది. ముద్రలున్నది కొంటే చాలామంది అష్కెనాజీలు కూడా పస్కాకు ఒప్పుకుంటారు. చేదుగా ఉందంటే కడగలేదని అర్థం. గింజ పైపొరలో సపోనిన్ అనే చేదు పదార్థం ఉంటుంది, నురగ పోయేదాకా కడగాలి.

వంటంతా గ్లూటెన్ లేకుండా చేశాం, అయినా ఆ రాత్రే నొప్పి

వంటలో తప్పు లేకపోతే బల్ల మీద చూడండి. సేడర్‌లో ఒక ఘట్టం ఉంది: మాట్సా ముక్కల మధ్య హారోసెత్, ఘాటైన చేదుకూర పెట్టుకుని తింటారు. హారోసెత్ అంటే యాపిల్, అక్రోటు, దాల్చినచెక్క, తియ్యటి వైన్ కలిపిన పచ్చడి. దాన్లో గ్లూటెన్ ఏమీ లేదు. కానీ ఒక్క గిన్నె పదిమంది చేతులు మారుతుంది. చెంచా గోధుమ మాట్సాకు రాసుకుంటుంది, మళ్ళీ గిన్నెలోకి వెళ్తుంది. రెండేళ్ళ కిందట దీపం వెలుగులో ఆ పచ్చడి మీద తెల్లటి రొట్టె రవ్వ నేనే చూశాను. అప్పటికే అల్లుడు రెండోసారి వడ్డించుకున్నాడు.

ఇప్పుడు అతనికి హారోసెత్, చేదుకూర, ముంచుకునే ఉప్పునీళ్ళు విడి గిన్నెల్లో ముందే తీసి పెడతాం. అతని ఓట్ మాట్సాకు వేరే గుడ్డ సంచి. గోధుమ మాట్సా విరిచే తాతగారి కుర్చీ బల్లకు ఆ చివర, అల్లుడిది ఈ చివర. ఈ ఏడాది వదినగారు అతని గిన్నెలకు నీలం దారం కట్టారు, పిల్లలు కూడా వాటి జోలికి పోలేదు.